బాపు పంచిన నా వ్యాసం

ఈ రోజుల్లో పరిశోధకులను చూస్తే నాకు ముచ్చటేస్తుంది, కొంచెం నవ్వూ వస్తుంది. ఎన్ని వ్యాసాలు అచ్చయ్యాయి, వాటిని ఎంతమంది తమ వ్యాసాల్లో పేర్కొన్నారు, వాళ్లలో ఏ శాస్త్రం వాళ్లు ఎందరు, అన్నీ అడిగిందే తడవుగా చెప్పేస్తారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నా చిట్టా చాలా చిన్నది. అచ్చయిన వ్యాసం ఒకటి. దాన్ని పేర్కొన్నవాళ్లు ఎవరూ లేరు. ఆ ఒక్కదాన్నీ మా నాన్న, మేం బాపు అంటాం, ఊరూరికీ పంచిపెట్టేశాడు. ఆ సంగతే చెప్తాను.

మాది మక్తల్ దగ్గర ఒక మెట్ట ఊరు, గొర్రెలు కాచుకుని బతికే ఇల్లు. మా ఇంట్లో బడి గడప తొక్కిన మొదటివాణ్ణి నేనే. ఎమ్మెస్సీ దాకా ఎట్లా ఈదుకొచ్చానో ఇప్పుడు తలచుకుంటే నాకే నమ్మబుద్ధి కాదు. అరవైల మొదట్లో నల్లగొండలో ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే తాత్కాలిక ఉద్యోగం దొరికింది. వేసవి సెలవులు రాగానే ఉద్యోగం తీసేసేవాళ్లు. కాలేజీ తెరిచాక, బుద్ధి పుడితే మళ్లీ ఇచ్చేవాళ్లు. ఏటా కిరాయి గది ఖాళీ చేసి, ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని బస్టాండుకు పోవడం నాకు అలవాటైపోయింది. పిల్లలకు పాఠం చెప్పడమంటే నాకు పిచ్చి ఇష్టం. సూక్ష్మదర్శినిలో కన్ను పెట్టి "అబ్బో" అనే పిల్లల ముఖాలు చూడ్డానికి జీతం లేకున్నా పనిచేసేవాణ్ణేమో. కానీ ఆ మాట ప్రిన్సిపాలుతో అనేంత వెర్రివాణ్ణి కాదు.

వ్యాసం సంగతికి వస్తాను. ఎండాకాలంలో పచ్చిక మాడిపోయాక మా బాపు మందను తోలుకుని రెండు కోసుల దూరంలోని తెల్లటి చౌడు నేలకు పోయేవాడు. అక్కడ మేతకు చెప్పుకోదగ్గదేమీ ఉండదు. అయినా గొర్రెలు దూరం నుంచే ఉరికిపోయి ఆ మన్ను నాకేవి. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే కాబట్టి నాకెప్పుడూ వింత అనిపించలేదు. చదువు ముగించి, పనిలేక ఇంట్లో కూర్చున్న వేసవిలో మాత్రం అడిగాను.

"ఊరి పక్కనే చౌడు ఉండంగ గింత దూరం ఎందుకు బాపూ?"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "గదొక్కటేనా చౌడంటె? అది నాకితె గొర్రెకు కడుపు పారుతది. ఇది నాకితె నిలవడతది."

"నీకెట్ల ఎరుక?"

"నాకేం ఎరుక. గొర్లకు ఎరుక. నేను వాటెన్క పోత, గంతే."

ఇక చూడండి, ఆ వేసవంతా మేమిద్దరం చౌడు నేలల వెంట తిరిగాం. నేను సీసాల్లో మట్టి నింపేవాణ్ణి, ఏ చౌడు మీద ఏ గడ్డి మొలిచిందో రాసుకునేవాణ్ణి. ఏ గొర్రె ఎంతసేపు నాకిందో, అది పోయిన నెల ఎట్లా ఉండేదో బాపు చెప్పేవాడు. ఆయనకు ప్రతి గొర్రె తల్లీ, అమ్మమ్మా గుర్తే. సాయంత్రం మేం ఇల్లు చేరితే మా అమ్మ వాకిట్లో నిలబడి పక్కింటివాళ్లకు వినపడేటట్టు అనేది. "సదువుకుంటె ఏమొచ్చింది? మన్ను మూట గట్టుకొస్తుండు నా కొడుకు." అని తనే పడీపడీ నవ్వేది. నా జీవితంలో అంత సంతోషంగా పనిచేసిన వేసవి మరొకటి లేదు.

దాని మీద పదహారు పేజీల వ్యాసం రాశాను. మొదటి సగం మట్టి గురించీ దాని మీది గడ్డి గురించీ. రెండో సగం గొర్రెల గురించి. ఒక చిన్న శాస్త్ర పత్రిక ఏడాది పైన నాన్చి నాన్చి వేసుకుంది. చిరునామా ఏమివ్వాలన్నది పెద్ద చిక్కయింది. కాలేజీ చిరునామా ఇద్దామంటే వచ్చే ఏడు అక్కడ ఉంటానో లేదో తెలియదు. గది చిరునామా అంతకన్నా తెలియదు. చివరికి మా ఊరి చిరునామా ఇచ్చాను. మా ఇల్లు ఎక్కడికీ పోదు కదా.

అప్పట్లో ఒక పద్ధతి ఉండేది. పత్రికవాళ్లు వ్యాసం వరకు విడిగా కుట్టిన ప్రతులు కొన్ని రచయితకు ఉచితంగా పంపేవాళ్లు. నాకు పాతిక వచ్చాయి. దేశదేశాల్లో ఆ విషయం మీద పనిచేసేవాళ్లు వ్యాసం పేరు ఎక్కడో చూసి, ఒక ప్రతి పంపమని రచయితకు కార్డు రాసేవాళ్లు. చదివి, నచ్చితే తమ వ్యాసం చివర మన వ్యాసం పేరు వేసేవాళ్లు. ఒక పరిశోధకుడు లోకానికి తెలియడమంటే అదే దారి. పాతిక ప్రతుల కట్ట ఊరికి చేరినప్పుడు నేను నల్లగొండలో పరీక్షల పనిలో మునిగి ఉన్నాను. మా ఊరి బడి సారు బాపు తరఫున నాకు ఉత్తరం రాశాడు, "మీ బుక్కులు క్షేమంగా అందినవి" అని. నేను తిరుగు టపాలో ఒకే ఒక వాక్యం రాసి పడేశాను. ఎవరైనా అడుగుతూ కార్డు రాస్తే ఒక్కొక్కటి పంపండి, అని.

రాసి మర్చిపోయాను. అదీ నా తెలివి.

ఆ మరుసటి ఏడు వేసవికి ముందు ప్రకటన వచ్చింది. ఇక తాత్కాలికులను పెట్టుకోరట. ఇంటర్వ్యూలో నెగ్గినవాళ్లకు పర్మనెంటు ఉద్యోగం, మిగిలినవాళ్లు ఇంటికి. దరఖాస్తుతో పాటు అచ్చయిన వ్యాసాలు ఒక్కొక్కటి మూడు ప్రతులు జతచేయాలి. గడువు పది రోజులు. నాతో పోటీపడేవాళ్లలో ఒకాయనకు ఐదు వ్యాసాలున్నాయని స్టాఫ్ రూములో చెప్పుకున్నారు. నాకున్నది ఒక్కటే. అదీ లేకపోతే నన్ను చూసేవాడెవడు? హైదరాబాదు మీదుగా బస్సులు మారి, మహబూబ్‌నగర్ దాటి, మధ్యాహ్నానికి ఇల్లు చేరాను.

బాపు వాకిట్లో గొర్రె కాలి గిట్ట చెక్కుతున్నాడు. నన్ను చూసి ముఖం ఇంత చేసుకున్నాడు.

"వచ్చినవా బిడ్డా. మంచిగ సమయానికి వచ్చినవ్. నీ బుక్కులు మస్తు పోయినయ్."

"పోయినయా?"

"నువ్వే రాసినవ్ గద, అడిగినోనికి ఒకటి పంపుమని. నేను, సారు కలిసి పంపినం. ఒకటి జర్మనీ పోయింది. ఒకటి ఆస్ట్రేలియా. గాడ మనుషుల కన్న గొర్లే ఎక్కువంట, సారు చెప్పిండు."

బడి సారుకు విదేశీ స్టాంపులంటే ప్రాణం. కార్డు మీది స్టాంపు ఆయన తీసుకునేటట్టు, చిరునామా రాసిపెట్టేటట్టు ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారట. బాపుకు చదువు రాదు కానీ ఎక్కడెక్కడికి పోయాయో వరుసగా అప్పజెప్పాడు. నాకు అంత ఆదుర్దాలోనూ ఛాతీ పొంగింది. నా వ్యాసం కోసం అంతమంది రాస్తారని నేను కలలో కూడా అనుకోలేదు.

"మంచిదే బాపూ. ఎన్ని మిగిలినయ్? నాకు మూడు కావాలె."

"మిగల్లే."

"ఒక్కటి గూడనా?"

"ఆఖరుకు ఒక్కటి మిగిలింది. కని గదే దినం రెండు కార్డులొచ్చినయ్. ఒక్క సంచిల్నే వచ్చినయ్. ముందెవరు, ఎన్కెవరు అనేటట్టు లేదు. ఏంజేస్తం? సగం సగం పంపినం."

నాకు అర్థం కాలేదు. సగం ఏమిటి, అన్నాను.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. ఎరువు కోసం రైతులు వచ్చి, మా చేన్లో మంద పెట్టండి అని అడుగుతారు. ఎవరు ముందు అడిగితే వాళ్లది ముందు. ఒకే రోజు ఇద్దరు అడిగితే, మా తాతల నాటి నుంచీ ఒకటే పద్ధతి. సగం మంద ఒకరి చేన్లో, సగం మంద ఇంకొకరి చేన్లో. మర్నాడు ఇటుది అటు, అటుది ఇటు. అడిగినవాణ్ణి వట్టి చేతులతో పంపడమంటే మా బాపుకు తల తీసేసినట్టు.

ఆ ప్రకారమే ఆయన నా చివరి ప్రతిని తీసుకుని, గిట్టలు చెక్కే కత్తితో మడత దగ్గర నీటుగా కోసి, నాలుగు ఆకులు ఒకరికి, నాలుగు ఆకులు ఇంకొకరికి వేరుచేశాడు. బడి సారు వద్దంటే వద్దన్నాడట. బాపు వింటేగా. చివరికి సారు రెండిటికీ ఇంగ్లీషులో చీటీలు పెట్టాడు. "మిగతా సగం ఫలానా చిరునామాలో ఉన్నది. చదవడం అయినాక దయచేసి ఒకరికొకరు మార్చుకోగలరు."

నాకు ఒళ్లు మండిపోయింది. నా కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది, ఆ రోజు నెత్తికెక్కింది.

"నా బతుకు ఆగం జేసినవ్ బాపూ. నా నౌకరి గీ బుక్కుల మీదనే ఉన్నది. సదువు రానోళ్ల చేతిల పెట్టుడే నాది తప్పు."

అన్నాను. అనకూడదని అంటున్నప్పుడే తెలుసు. బాపు చేతిలోని కత్తి కింద పెట్టాడు. "నువ్వు పంపుమన్నవనుకున్న బిడ్డా," అని మాత్రం అని, లేచి మంద దగ్గరికి పోయాడు.

మా అమ్మ ఊరుకోలేదు. "మీ బాపుకు ఎట్ల ఎరుకైతది? నాకు మూడు ఉంచుండ్రి అని నువ్వు రాసినవా? సదువొచ్చినోడివి నువ్వే గద." ఆమె అన్నది నిజమే. అందుకే ఇంకా కోపం వచ్చింది. ఆ కోపంతోనే సాయంత్రం బస్సెక్కాను. బాపుకు చెప్పను కూడా చెప్పలేదు.

పత్రికవాళ్లకు రాస్తే ప్రతులు అయిపోయాయన్నారు. నా చేతిరాత చిత్తును టైపు చేయించి మూడు ప్రతులు జతచేశాను. దరఖాస్తు చూసిన గుమాస్తా పైన ఎర్ర సిరాతో "అచ్చు ప్రతులు లేవు" అని రాశాడు. నా కళ్ల ముందే రాశాడు, రెండుసార్లు కింద గీత కూడా గీశాడు. ఇంటర్వ్యూకు మాత్రం పిలుపు వచ్చింది. ఆ మధ్యలో ఉన్న నెలన్నర నేను తిన్నానో లేదో గుర్తు లేదు. పాఠం చెబుతూ చెబుతూ, ఈ పిల్లల ముందు ఇదే ఆఖరేమో అనుకునేవాణ్ణి. మరుక్షణం బాపు ముఖం గుర్తొచ్చేది.

ఇంటర్వ్యూ హైదరాబాదులో. బల్ల వెనక ముగ్గురు. మధ్యలో అధ్యక్షుడు, ఒక పక్క మా శాఖ పెద్ద, ఇంకో పక్క బయటి నుంచి పిలిపించిన ముసలాయన ఒకరు, కోస్తా మనిషి, పంచె కట్టుకుని మీద కోటు వేసుకున్నాడు. అధ్యక్షుడు ఎర్ర సిరా రాత చూపించాడు.

"ఉన్నది ఒక్క వ్యాసం. దానికి అచ్చు ప్రతి లేదు. పోనీ, దీన్ని ఎక్కడైనా ఎవరైనా పేర్కొన్నారా?"

"నాకు తెలియదండి," అన్నాను. నిజంగానే తెలియదు. ఇక లేచి పొమ్మనడమే తరువాయి అనుకున్నాను.

ముసలాయన తన సంచీలోంచి ఏవో కాగితాలు తీసి బల్ల మీద పరిచాడు. నాలుగు ఆకులు, పక్కన ఇంకో నాలుగు ఆకులు. అంచులు కత్తితో కోసినవి.

"దరఖాస్తుల జాబితాలో ఈ పేరు చూసి తెచ్చానండీ. మీ వ్యాసమే కదా?"

"అవునండి."

"దీన్ని ఇలా కోసి పంపింది ఎవరో కాస్త చెబుతారా? ఎనిమిది నెలల్నించీ తెలుసుకుందామని చూస్తున్నాను."

ఆఫీసులో పొరపాటు జరిగిందండి అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎంత తేలిక. ఏ గుమాస్తా మీదనో తోసేస్తే అయిపోయేది. కానీ వాకిట్లో కత్తి కింద పెట్టి లేచిపోయిన మనిషి కళ్ల ముందు నిలబడ్డాడు. ఆయన్ని ఒకసారి ఇంట్లో అవమానించింది చాలు అనిపించింది.

"మా బాపు అండి. అంటే మా నాన్న. గొర్రెలు కాస్తాడు. చదవడం రాదు. అందులో రాసిన చౌడు నేలలన్నీ నాకు చూపించింది ఆయనే." అని, ఒకే రోజు ఇద్దరు అడిగితే మందను ఎట్లా పంచుతామో ఉన్నదున్నట్టు చెప్పేశాను. చెబుతుంటే నా చెవులు వేడెక్కాయి.

ముసలాయన మొదట కళ్లద్దాలు తీశాడు. తరువాత నవ్వడం మొదలుపెట్టాడు. ఎంతకీ ఆపడే. అధ్యక్షుడు నీళ్ల గ్లాసు జరిపాడు.

"నేను నేలల వాణ్ణండీ," అన్నాడు ఆయన నీళ్లు తాగి. "నాకు కావలసింది మట్టి భాగం. నాకు వచ్చింది గొర్రెల భాగం. ఒళ్లు మండింది. మట్టి భాగమేమో ఎక్కడో ఉత్తరాదిలో ఉన్న పశువైద్యుడికి పోయింది. ఆయనకూ మండే ఉంటుంది. సరే, అది వచ్చేదాకా ఏం చేస్తాం, చేతిలో ఉన్నది చదివాను. నేను జన్మలో గొర్రెల మీద ఒక్క ముక్క చదివినవాణ్ణి కాదు. అక్కడ ఆయన మట్టి గురించి చదివాడు. చదివి నాకు ఉత్తరం రాశాడు. ఆరు పేజీలు. సగాలు మార్చుకున్నాం, చదివాక ఆయన రెండోదీ నాకే పంపేశాడు. ఇప్పుడు మేమిద్దరం కలిసి ఒక వ్యాసం రాశాం, అచ్చుకు పోయింది. మొదటి పేజీలోనే ఈ అబ్బాయి వ్యాసం పేరు ఉంది. ఆయన తన విద్యార్థి చేత ఇంకోటి రాయిస్తున్నాడు, అందులోనూ ఉంటుంది."

"అయితే నేలల శాస్త్రంలోనూ పశువైద్యంలోనూ పేర్కొన్నట్టే," అన్నాడు అధ్యక్షుడు నెమ్మదిగా.

మా శాఖ పెద్దకు ఇంకా అనుమానం తీరలేదు. "మొత్తం వ్యాసం పంపి ఉంటే ఈ బాధే ఉండేది కాదు కదండీ?"

"మొత్తం పంపి ఉంటే నా భాగం చదువుకుని రెండోది అవతల పారేసేవాణ్ణి. ఆ పశువైద్యుడు ఎవరో ఈ జన్మకు నాకు తెలిసేది కాదు," అన్నాడు ముసలాయన. తరువాత ఆ ఎనిమిది ఆకులనూ వరుసలో పేర్చి, గుండుసూది గుచ్చి, అధ్యక్షుడి ముందుకు నెట్టాడు. "అచ్చు ప్రతి లేదన్నారు. ఇదిగోండి."

ఇంకా ఏవేవో అడిగారు. ఏం చెప్పానో ఒక్క ముక్క గుర్తు లేదు. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని ఒక్కణ్ణే పిచ్చివాడిలా నవ్వాను.

నల్లగొండకు పోకుండా నేరుగా ఊరి బస్సెక్కాను. బాపు చెలక గట్టున మందను మేపుతున్నాడు. నన్ను చూసి నవ్వలేదు, అట్లాగని ముఖమూ తిప్పుకోలేదు. "తిన్నవా?" అని అడిగాడు.

"తప్పయింది బాపూ," అన్నాను. ఎన్నో మాటలు కూడబెట్టుకుని వచ్చాను కానీ ఆ ఒక్కటే బయటపడింది. తరువాత జరిగిందంతా చెప్పాను. ఆయన నా నౌకరి గురించి అడుగుతాడనుకున్నాను.

"ఇద్దరు మార్చుకున్నరా?"

"మార్చుకున్నరు."

"కొట్లాట గిట్ల కాలే గద?"

"లేదు బాపూ. ఇద్దరు కలిసి ఒక వ్యాసం రాసిన్రు. దాంట్ల నా పేరేసిన్రు."

అప్పుడు నవ్వాడు. నవ్వి, తలరుమాలుతో కళ్లు ఒత్తుకున్నాడు. "నువ్వు తిట్టినవని కాదు బిడ్డా. నీ నౌకరి నా చేతులనే పోతాందని అన్నం సయించలే, గంతే."

నేను అక్కడే గట్టు మీద ఆయన పక్కన కూర్చుండిపోయాను. గొర్రెలు చేనుకేసి పోతున్నాయని ఆయన అదిలించేదాకా ఇద్దరం అట్లాగే ఉన్నాం.

నెల తిరగకుండా ఆర్డరు వచ్చింది. పర్మనెంటు. మా అమ్మ ఊరందరికీ బెల్లం పంచి, మన్ను మూటల సంగతి తనే మళ్లీ చెప్పుకుని నవ్వింది. ఆ వారంలోనే ఇంకో ఉత్తరం వచ్చింది. అది నాకు కాదు, బాపు పేరు మీద. ఆయన పేరు మీద ఉత్తరం రావడం అదే మొదలు. ముసలాయన తెలుగులో, పెద్ద పెద్ద అక్షరాలతో రాశాడు. అయ్యా, మీరు చేసిన ఉపకారానికి మా ఇద్దరి నమస్కారాలు, చలికాలంలో ఒకసారి వస్తాను, ఆ చౌడు నేలలు నాకూ చూపించాలి, మీ అబ్బాయి ఈసారి ఏం రాసినా నాకు ఒక ప్రతి తప్పక పంపించగలరు, అని.

నేను చదివి వినిపించాను. ఇంకోసారి చదవమన్నాడు. చదివాను. మా అమ్మను పిలిచి మళ్లీ చదివించాడు. తరువాత ఉత్తరాన్ని చేతిలోకి తీసుకుని, తన పేరు ఎక్కడుందో చూపించమని, దాని మీద వేలు పెట్టి కొంచెంసేపు కూర్చున్నాడు.

"జవాబు రాస్త, ఏం రాయమంటవు?" అన్నాను కార్డు తీసి.

"వస్తె చూపిస్త అని రాయి. బుక్కు అచ్చయితె తప్పకుండ పంపుత అని రాయి." ఆగి, నా వంక ఒకసారి చూశాడు. "కని ముందుగాల నా కొడుకుకు మూడు తీసి పక్కకు పెట్టి, మిగిలినయే పంపుత అని గూడ రాయి."

అక్షరాలు మసకబారుతుంటే, ఆయన చెప్పింది చెప్పినట్టే రాశాను.